ముందు నేల చూడండి, తర్వాతే కారు: డ్రిఫ్టుకి ఏది, రేసుకి ఏది

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి గుంటూరు వస్తూ పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. "అన్నయ్యా, రిమోట్ డ్రిఫ్ట్ కారు కొన్నా, నువ్వు కాస్త సెట్ చేసిపెడితే సాయంత్రం మీ వీధిలో తిప్పుదాం" అన్నాడు. పెట్టె మీద బొమ్మలో కారు పొగ చిమ్ముకుంటూ అడ్డంగా జారుతోంది, ఆ జారుడునే డ్రిఫ్టు అంటారు. బయటికి తీసి రిమోట్ తిప్పి చూశాను. స్టీరింగ్ కొంచెం తిప్పినా, పూర్తిగా తిప్పినా ముందు చక్రాలు ఠక్కున ఒకే కోణానికి వెళ్ళి ఆగుతున్నాయి. నొక్కితే పూర్తి వేగం, వదిలితే ఆగడం, మధ్యలో ఇంకేమీ లేదు. అలాంటి కారులో మార్చడానికి గానీ సర్దడానికి గానీ ఏమీ ఉండదు. వాడు నెలల తరబడి దాచుకున్న డబ్బది. చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను, ఆ రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చుని ఏం కొనాలో, ఎందుకు కొనాలో వివరించాను. వాడికి చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

షాపులో డబ్బు కట్టే ముందు ఒక్క పరీక్ష చెయ్యండి. రిమోట్ చక్రాన్ని మెల్లగా తిప్పండి. కారు చక్రాలు కూడా అంతే మెల్లగా, మీ చెయ్యి ఆగిన చోట ఆగితే అది అసలైన ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు. అలా కాకపోతే పెట్టె మీద ఏం రాసున్నా పక్కన పెట్టేయండి.

ఇక అసలు సంగతి. అందరూ "ఏ కారు కొనాలి?" అని మొదలుపెడతారు. నేను మాత్రం "ఎక్కడ నడుపుతావు?" అని అడుగుతాను. మన దగ్గర ఇందుకోసం కట్టిన ట్రాక్ పక్కనే ఉండదు కాబట్టి ఉన్న నేలకి తగ్గ కారు తెచ్చుకోవాలి. విజయవాడలో అపార్ట్‌మెంట్ల కింద ఉండే సెల్లార్ పార్కింగ్, నున్నటి సిమెంటో టైల్సో వేసి ఉంటే, డ్రిఫ్టుకి బంగారం లాంటిది. గుంటూరు బ్రాడీపేట, లక్ష్మీపురం లాంటి చోట్ల అడ్డ వీధుల్లో సిమెంటు రోడ్లు గరుకుగా ఉంటాయి, అక్కడ ప్లాస్టిక్ డ్రిఫ్ట్ టైర్లు చూస్తుండగానే అరిగిపోతాయి, అదే రబ్బరు టైర్లకైతే మంచి పట్టు. పాత ఇళ్ళల్లో నాపరాళ్ళు పరిచిన వసారా ఉందా? చిన్న డ్రిఫ్ట్ కారుకి అంతకంటే ఏం కావాలి. కాలేజీ గ్రౌండులో మట్టి మాత్రమే దొరికితే డ్రిఫ్టు సంగతి మర్చిపోయి బగ్గీ (ఎత్తుగా ఉండి మట్టిలో పరిగెత్తే రకం) కొనుక్కోండి.

ఎందుకంటే రేసు, డ్రిఫ్టు, ఈ రెండు ఆటలకీ నేల నుంచి కావలసింది పూర్తిగా వేరు. రేసు కారుకి పట్టు కావాలి, ఎంత దొరికితే అంత. డ్రిఫ్ట్ కారుకి కావలసింది తక్కువ పట్టు, అదీ నేలంతా ఒకేలా ఉండే తక్కువ పట్టు. ఒక మూల నున్నగా, ఇంకో మూల ఇసుకగా ఉంటే డ్రిఫ్టులో చెయ్యి కుదరదు. అందుకే డ్రిఫ్ట్ టైర్లు రబ్బరుతో చెయ్యరు, గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. కారు వేగం కూడా తక్కువే ఉంటుంది, వీడియోల్లో కనిపించేంత వేగం నిజంగా ఉండదు.

ఇప్పుడు కార్ల సంగతికి వద్దాం.

గ్రౌండు, గతుకుల రోడ్డు, వీధి, ఏదైనా సరే పరిగెత్తాలి, చెయ్యి అలవాటు కావాలి అనుకునేవాళ్ళకి డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 మంచి మొదలు. 1/14 సైజు (అసలు కారులో పద్నాలుగో వంతు) బగ్గీ, నాలుగు చక్రాలకీ పవర్, కింద లోహపు ప్లేటు, 550 సైజు బ్రష్డ్ (లోపల బ్రష్‌లు ఉండే పాత రకం) మోటారు, 7.4 వోల్టుల బ్యాటరీ అన్నీ పెట్టెలోనే వస్తాయి. కంపెనీ గంటకి 60 కిలోమీటర్లు అంటుంది, అంత రాకపోయినా కొత్తవాళ్ళకి అది భయపెట్టే వేగమే. ఒక చిక్కు ఉంది. రిసీవర్ (రిమోట్ సంకేతాన్ని అందుకునేది), ఇఎస్‌సీ (మోటారుకి వెళ్ళే కరెంటుని అదుపు చేసేది) రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి, అంటే రేపు రిమోట్ మార్చాలన్నా బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ మోటారు పెట్టాలన్నా ఆ బోర్డు మొత్తం తీసెయ్యాల్సిందే. దీనికి ప్లాస్టిక్ టైర్లు తొడిగి డ్రిఫ్ట్ కారు చేద్దామని చాలామంది చూస్తారు, జారుతుంది కూడా, కానీ బగ్గీకి ఎత్తు ఎక్కువ, ముందు చక్రాలు తిరిగే కోణం తక్కువ. నేనైతే దాన్ని బగ్గీగానే ఉంచుతాను.

రెండోది టామియా టీటీ-02. మొదటి కారు ఏది అని అడిగితే ఎక్కువసార్లు నేను చెప్పే పేరు ఇదే. 1/10 సైజు, షాఫ్టుతో నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, గేర్లు మూసి ఉన్న పెట్టెల్లో ఉంటాయి కాబట్టి మన ఊళ్ళ దుమ్ముకి తట్టుకుంటుంది. కిట్‌గా వస్తుంది, మీరే బిగించుకోవాలి. అది శ్రమే గానీ, ఒకసారి మీ చేత్తో బిగించిన కారులో ఏది విరిగినా మీరే మార్చుకోగలరు. రిమోట్, సర్వో (ముందు చక్రాలని తిప్పే చిన్న మోటారు), బ్యాటరీ, చార్జర్ విడిగా కొనాలి, ఈ మాట ముందే తెలియక బడ్జెట్ మొత్తం కిట్ మీదే పెట్టేసినవాళ్ళని చూశాను. మామూలు కిట్‌లో షాక్‌లు ఆయిల్ లేనివి, బేరింగుల స్థానంలో చాలావరకు ప్లాస్టిక్ రింగులు వస్తాయి. ఈ రెండూ మార్చకుండా ఇంకేం చేసినా వృథా. డ్రిఫ్ట్ టైర్లతో టీటీ-02డి అనే రకం కూడా ఉంది.

"ఒకే కారుతో ఆదివారం రేసు, సోమవారం డ్రిఫ్టు కుదరదా?" అని మా తమ్ముడు అడిగాడు. టీటీ-02తో కొంతవరకు కుదురుతుంది. రబ్బరు టైర్లు తీసి ప్లాస్టిక్‌వి వేస్తే నాలుగు చక్రాల డ్రిఫ్టు వస్తుంది, గైరో (కారు తిరగడం పసిగట్టి స్టీరింగ్ సర్దే చిన్న పరికరం) కూడా అక్కర్లేదు. వెనక డిఫ్‌ని (రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లాక్ చేస్తే ఇంకా బాగా జారుతుంది. లోపల గేర్ల మధ్య హాట్ గ్లూ నింపితే లాక్ అయిపోతుంది, మళ్ళీ కావాలంటే తీసేయొచ్చు. ఫెవిక్విక్ మాత్రం పొయ్యకండి, ఆ డిఫ్ ఇక మీకు దక్కదు.

కానీ నాలుగు చక్రాల డ్రిఫ్టు చూడ్డానికి అసలు కారులా ఉండదు. ముందు చక్రాలు కూడా లాగుతుంటాయి కాబట్టి కారు జారుతున్నా అవి తరచూ మలుపు లోపలికే తిరిగి ఉంటాయి. నిజం కారులో డ్రైవరు మలుపుకి ఎదురుగా, తోక జారుతున్న వైపుకి స్టీరింగ్ తిప్పుతాడు కదా, ఆ అందం కావాలంటే మూడో రకం, వెనక చక్రాలకే పవర్ ఉన్న ఛాసీ (కారు అడుగు చట్రం) తీసుకోవాలి. 2016లో జపాన్ కంపెనీ యొకోమో వైడీ-2 తెచ్చాక డ్రిఫ్ట్ అంటేనే అది అన్నట్టయింది. తైవాన్ కంపెనీ ఎంఎస్‌టీ ఆర్‌ఎంఎక్స్ వరస, 3రేసింగ్ వాళ్ళ సకురా డీ4 కూడా ఆ దారివే. సకురా డీ4 రెండు రకాలుగా దొరుకుతుంది, ఒకటి వెనక చక్రాలది, ఇంకొకటి నాలుగు చక్రాలది. కొనేటప్పుడు ఏదో సరిగ్గా చూసుకోండి, పేరు ఒకటే కావడంతో పొరపాటు సులువుగా జరుగుతుంది. నున్నటి సెల్లార్ అందుబాటులో ఉండి, ఓపికుండి, డ్రిఫ్టు తప్ప ఇంకేదీ వద్దనుకునేవాళ్ళకి నేను ఇవే చెప్తాను. గరుకు సిమెంటు రోడ్డు తప్ప వేరే దిక్కు లేనివాళ్ళకి మాత్రం ఎంత ముచ్చటపడినా వద్దంటాను.

నాలుగోది ఇంట్లో ఆడుకునే చిన్నవి, అరచేతిలో పట్టేవి. క్యోషో మినీ-జెడ్ ఇందులో పెద్ద పేరు, నాలుగు ఏఏఏ సెల్స్‌తో నడుస్తుంది. హాల్లో సోఫాలు జరిపితే చాలు, ట్రాక్ తయారు. టైల్స్ మధ్య గీతలు లోతుగా ఉంటే చిన్న చక్రాలు తడబడతాయి, అదొక్కటే చూసుకోండి. సైజు చిన్నదని ధర చిన్నది అనుకోవద్దు.

ధరల గురించి ఒక మాట. ఈ కార్లన్నీ బయటి నుంచి వచ్చేవే. మన దగ్గర బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అందుకే విదేశీ వీడియోల్లో చెప్పే ధరకీ ఇక్కడి ధరకీ పొంతన ఉండదు. కారు ధర ఒక్కటే కాకుండా దాని ఆర్మ్‌లు (చక్రాన్ని కారుకి కలిపే చేతులు), గేర్లు, నకుల్స్ (చక్రాన్ని పట్టి ఉంచే ముక్కలు) మన దేశంలో దొరుకుతున్నాయా అని ముందు వెతకండి. పది రూపాయల ప్లాస్టిక్ ముక్క కోసం నెల రోజులు ఎదురుచూస్తూ కూర్చుంటే ఉత్సాహమంతా నీరుగారిపోతుంది. ఈ ఒక్క కారణంతో నేను మంచి కారుని వదిలి, స్పేర్లు దొరికే మామూలు కారు తీసుకున్న సందర్భాలున్నాయి, ఒక్కసారి కూడా బాధపడలేదు.

కారు వచ్చింది. ఇక మార్పులు. అందరి చెయ్యీ ముందు మోటారు మీదకే పోతుంది, నా సలహా సరిగ్గా తిరగేసి ఉంటుంది. మోటారు చివర మార్చండి.

మొదట బేరింగులు. టీటీ-02లో ఎక్కువగా వాడేది లోపల 5, బయట 11, మందం 4 మి.మీ. సైజు, బేరింగ్ షాపులో ఎంఆర్115 అని నంబరు చెప్పి అడగండి. బొమ్మ కారు అని చెప్తే ఎవరికీ అర్థం కాదు, నంబరు చెప్తే తీసిస్తారు లేదా తెప్పిస్తారు. రబ్బరు సీలున్నవి అయితే దుమ్ముకి మంచిది. అవి వేశాక మోటారు ముట్టుకోకుండానే కారు తేలికగా పరిగెత్తడం మీకే కనిపిస్తుంది.

తర్వాత టైర్లు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కారు నేలని తాకేది ఇక్కడ మాత్రమే. రేసుకి రబ్బరు టైర్లు కొనేటప్పుడు 24, 28, 32, 36 లాంటి అంకెలు కనిపిస్తాయి, అంకె పెరిగేకొద్దీ వేడి నేలకి పనికొచ్చే రబ్బరు అన్నమాట. చలి దేశాల వాళ్ళు మెచ్చుకున్న 24 తెచ్చి ఏప్రిల్‌లో మన రోడ్డు మీద తిప్పితే జిగురులా కరిగి అరిగిపోతుంది. మనకి 32, 36 సరిపోతాయి. డ్రిఫ్ట్ టైర్లు కొనుక్కోవచ్చు, లేదా పీవీసీ పైపుతో చేసుకోవచ్చు. పొలాలకి వేసే 63 మి.మీ. పైపు మన దగ్గర ఏ పైపుల షాపులో అయినా దొరుకుతుంది, ముక్క అడిగితే చాలు. 26 మి.మీ. వెడల్పు రింగులు కోసి, అరిగిపోయిన పాత రబ్బరు టైరు మీద బిగుతుగా ఎక్కించాలి. కొనే ముందు మీ టైరు కొలత తీసుకెళ్ళి పైపు లోపలి వ్యాసంతో పోల్చుకోండి, పైపు మందాన్ని బట్టి అది మారుతుంది. హాక్సా బ్లేడుతో చేత్తో కోస్తే కోత వంకర వచ్చి కారు ఎగురుతూ పోతుంది, నాకు మొదటి జత అలాగే అయ్యింది. ఆటోనగర్‌లో లేత్ మీద కోయిస్తే నాలుగూ ఒక్కలా వస్తాయి. అంచుల్ని గరుకు కాగితంతో కాస్త గుండ్రంగా రుద్దండి. నున్నటి నేల మీద ఈ పైపు టైర్లు మొదట మరీ ఎక్కువ జారతాయి, రెండు మూడు బ్యాటరీలు తిప్పాక పైపొర అరిగి దారికొస్తాయి. సెల్లార్‌లో స్కూటర్ల నూనె మరకలు ఉంటే ముందు తుడవండి, ఒక్క మరక తొక్కినా ఆ చక్రం రోజంతా వేరేగా ప్రవర్తిస్తుంది.

మూడోది రిమోట్, సర్వో. వెనక చక్రాల డ్రిఫ్ట్ కారుకి గైరో తప్పనిసరి. కారు తోక ఎటు తిరుగుతోందో పసిగట్టి, మన వేలు కదిలేలోపే ముందు చక్రాలని ఎదురు తిప్పుతుంది అది. విడిగా కొంటే రిసీవర్‌కీ సర్వోకీ మధ్యలో పెట్టాలి. ఫ్లైస్కై జీటీ5, రేడియోలింక్ ఆర్‌సీ4జీఎస్ లాంటి రిమోట్లతో వచ్చే రిసీవర్లలో గైరో లోపలే ఉంటుంది, డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్ళకి అవి మంచి ఎంపిక. డ్రిఫ్టుకే ప్రత్యేకంగా చేసిన గైరో ఇంతకంటే మృదువుగా పని చేస్తుంది, కానీ మొదటి ఆరు నెలలు ఆ తేడా మీకు తెలియదు. పెట్టగానే ఒకటి చూడాలి. కారుని చేతిలో పట్టుకుని ముక్కుని ఎడమకి చప్పున తిప్పండి, ముందు చక్రాలు కుడికి తిరగాలి. ఎడమకే తిరిగితే గైరో దిశ తిరగబడి ఉంది, అలాగే నడిపితే కారు బొంగరంలా తిరుగుతుంది. తర్వాత గెయిన్, అంటే గైరో ఎంత గట్టిగా స్పందించాలో చెప్పేది. తిన్నగా పోతున్నప్పుడు ముందు చక్రాలు అటూ ఇటూ వణుకుతుంటే గెయిన్ ఎక్కువైంది, వణుకు ఆగేవరకు తగ్గించుకుంటూ రండి. సర్వో నెమ్మదిగా తిరిగేదైతే ఎంత మంచి గైరో ఉన్నా లాభం లేదు, కాబట్టి రెండింటిలో ఒకదానికే డబ్బుంటే సర్వోకే పెట్టండి. రేసు కారుకి గైరో వద్దు, చెయ్యి సోమరిదైపోతుంది.

ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పై అంచు వాలే కోణం) డ్రిఫ్టులో ఆరేడు డిగ్రీలు లోపలికి వాల్చినా పర్వాలేదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు సరిగ్గా ఆనాలి కాబట్టి. రేసులో ఒకటిన్నర, రెండు దగ్గర ఆపండి. వెనక చక్రాలకి రెండు మూడు డిగ్రీల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) రెండింటికీ మంచిదే. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మోటారు, గేర్లు. టీటీ-02 పెట్టెలో వచ్చే 70 పళ్ళ స్పర్ (పెద్ద గేరు), 22 పళ్ళ పినియన్ (మోటారుకి తగిలించే చిన్న గేరు) తీసుకుని లెక్క వేస్తే, లోపలి నిష్పత్తి 2.6 కలిపి, మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 3300 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, 7.4 వోల్టులు, 63 మి.మీ. టైరు అనుకుంటే కాగితం మీద గంటకి సుమారు 35 కిలోమీటర్లు. పినియన్ 25 పళ్ళది వేస్తే దాదాపు 40. మూడు పళ్ళకే ఐదు కిలోమీటర్లు పెరిగిందంటే, కొత్త మోటారు కొనకముందే చిన్న పినియన్ ముక్కతో ఎంత చెయ్యొచ్చో చూడండి. కానీ పళ్ళు పెరిగేకొద్దీ మోటారు వేడెక్కుతుంది. బ్రష్డా, బ్రష్‌లెస్సా అంటే, నాలుగు చక్రాల డ్రిఫ్టుకి, నేర్చుకునే రేసుకి పెట్టెలో వచ్చిన 540 బ్రష్డ్ చాలు. వెనక చక్రాల డ్రిఫ్టుకి మాత్రం సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్ తీసుకోండి, 13.5 లేదా 10.5 టర్న్ (మోటారు లోపలి తీగ చుట్ల లెక్క). సెన్సర్ లేనిది మెల్లగా కదిలేటప్పుడు కుదుపులిస్తుంది, డ్రిఫ్టులో సగం పని ఆ మెల్లటి త్రాటిల్ మీదే ఉంటుంది.

మన ఎండల్ని లెక్కలో వేసుకోకపోతే ఈ డబ్బంతా కాలిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మోటారు ఎంత. ఐదు నిమిషాలు నడిపి ఆపి చూడండి. మోటారు 80 డిగ్రీలు దాటకూడదు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 60 దాటకూడదు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు, అది ఒంటి వేడి వరకే చూపిస్తుంది, కార్ఖానాల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి. వేసవిలో నేను రెండు పళ్ళు చిన్న పినియన్ వేసి, చిన్న ఫ్యాను తగిలించి, పొద్దున్న ఏడు లోపు గానీ చీకటి పడ్డాక గానీ నడుపుతాను.

బ్యాటరీ గురించి దయచేసి నిర్లక్ష్యం వద్దు. రెండు సెల్స్ లైపో నిండా చార్జ్ అయితే 8.4 వోల్టులు, ఒక్కో సెల్ మూడు వోల్టుల కిందకి పోకూడదు. హాబీవింగ్ 1060 లాంటి బ్రష్డ్ ఇఎస్‌సీలో బ్యాటరీ రకం చెప్పే చిన్న జంపర్ (పిన్నుల మీద తొడిగే ముక్క) ఉంటుంది, అది లైపో వైపు ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. మా పక్క వీధి కుర్రాడు అది చూడకుండా ఎన్ఐఎంహెచ్ (నికెల్ బ్యాటరీ రకం) మీదే వదిలేశాడు, వారానికే బ్యాటరీ పూరీలా ఉబ్బింది. ఉబ్బినదాన్ని మళ్ళీ చార్జ్ చెయ్యకండి, గుచ్చకండి. టీటీ-02కి గుండ్రటి అంచులున్న గట్టి కేసు ప్యాక్ తీసుకుంటే లోపల చక్కగా కూర్చుంటుంది. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే చార్జ్ చెయ్యండి, మీరు పక్కనే ఉన్నప్పుడే చెయ్యండి. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఎండ పడే కిటికీ దగ్గరా బండి డిక్కీలోనూ పెట్టకండి.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదా. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్ నున్నగానే ఉంటుంది, కానీ పగలంతా బండ్లతో నిండి ఉంటుంది, రాత్రి పదయ్యాక చప్పుడు చేస్తే పైవాళ్ళు ఊరుకోరు. పక్కనే సిమెంటు వీధి ఖాళీగా ఉంటుంది. అందుకని వెనక చక్రాల ఛాసీ మీద మనసున్నా టీటీ-02 తీసుకున్నాడు, ముందు బేరింగులు, ఆయిల్ షాక్‌లు మార్చాడు, రబ్బరు టైర్లతో వీధిలో తిప్పుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం సగం బండ్లు బయటికి వెళ్ళినప్పుడు మాత్రం నేను పంపిన పైపు టైర్లు తొడిగి సెల్లార్‌లోకి దిగుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, మూడో స్తంభం దగ్గర నూనె మరక ఎంత కడిగినా పోవట్లేదు ఏం చెయ్యమంటావని అడిగాడు. రంపపు పొట్టు చల్లి ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే ఊడ్చి, సబ్బు నీళ్ళతో కడగమన్నాను.